వైను బప్పు

హైదరాబాదులోని నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగి యగుటచే, వైను బప్పునకు బాల్యముననే ఆకాశముతో చెలిమి కలిగెను. ఈయన 1927లో మద్రాసులో జన్మించెను. నిజాం కళాశాలలో చదివి, హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, 1949లో ఒక తోకచుక్కను కనుగొనెను.

విదేశములందు కీర్తి లభించినను ఆయన స్వదేశమునకు మరలివచ్చెను. 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతి యయ్యెను. పిమ్మట నగరదీపములకు దూరముగా, తమిళనాడులోని జవ్వాది కొండలలో, కావలూరున వేధశాలను నెలకొల్పెను. 1972లో అచ్చట ఒక మీటరు వ్యాసముగల దూరదర్శిని అమరెను.

గ్రహము నక్షత్రమునకు అడ్డము వచ్చినపుడు నక్షత్రకాంతి మఱుగగును. ఆ మార్పును బట్టి కంటికి కానరాని విశేషములను గ్రహింపవచ్చును. 1977 మార్చి 10 రాత్రి యురేనస్ ఒక నక్షత్రమును సమీపించెను. గ్రహ మింకను ఎడముగా నుండగనే నక్షత్రకాంతి క్షణకాలము తగ్గుటను కావలూరులో భట్టాచార్య, కుప్పుస్వామి అను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. అది క్రొత్త ఉపగ్రహమని వారు మొదట తలచిరి. విమానమునుండి పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞుల ఫలితములతో పోల్చగా, అది యురేనస్ వలయమని తేలెను. ఆ క్షణమున కావలూరు కన్ను తెరచి యుండుట బప్పు కృషి ఫలమే.

ఆయన 1982లో మ్యూనిక్ నగరమున మరణించెను. 1986లో కావలూరున ప్రారంభించిన 2.3 మీటర్ల దూరదర్శిని ఆయన పేరనే వెలయుచున్నది.