భండారు అచ్చమాంబ

నాటి కృష్ణామండలమున, నందిగామకు సమీపమున, మునేటి యొడ్డున పెనుగంచిప్రోలను గ్రామము కలదు. ఆ గ్రామమున 1874వ సంవత్సరమున కొమఱ్ఱాజు వేంకటప్పయ్య, గంగమ్మ దంపతులకు అచ్చమాంబ జన్మించెను. ఆ సంవత్సరముననే కందుకూరి వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికల కొఱకు పాఠశాలను స్థాపించిరి. అప్పుడే కన్ను తెఱచిన ఈ పసికందుకును ఆ సంస్కర్తకును ముందు ఎట్టి సంబంధము కలుగనున్నదో ఆనాడెవరికి తెలియును?

అచ్చమాంబకు ఆఱేండ్లు వచ్చునప్పటికి తండ్రి మరణించెను. తమ్ముడు లక్ష్మణరావు అప్పటికి మూడేండ్లవాడు. సవతియన్నయగు శంకరరావు సంరక్షణమున ఆ కుటుంబము తెలంగాణమునకు వచ్చెను. లక్ష్మణరావు పెరిగి భువనగిరిలో బడికి పోయెను. అచ్చమాంబ పోలేదు.

ఇందులో ఆ యింటివారి నిర్దయ యేమియు లేదు. ఆ కాలమున మగపిల్లవానికి పలక, ఆడుపిల్లకు పొయ్యి అనునది ఎవరును ప్రశ్నింపని యేర్పాటు. ఆడుది చదివినచో మగని మాట వినదనియు, ఉత్తరములు వ్రాయ నేర్చినచో చెడిపోవుననియు పెద్దలు గట్టిగా నమ్ముచుండిరి. 1901వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి కూడ భారతదేశమున నూటికి ఒక్క స్త్రీయైనను చదువను వ్రాయను నేర్చినది కాదు. బాలికలకు బొమ్మల పెండ్లిండ్లు ముగియకముందే నిజమైన పెండ్లిండ్లు జరిగెడివి.

అచ్చమాంబకు పదియవ యేట వివాహమయ్యెను. వరుడు మేనమామయగు భండారు మాధవరావుగారు. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరుగా ఉద్యోగము చేయుచుండిరి. తెలుగు పలుకుబడి వినబడని దూరదేశమున ఆ బాలిక కాపురమునకు చేరెను. మాధవరావుగారు మంచివారే గాని స్త్రీవిద్యపై ఆయనకు మొదట ఆసక్తి లేదు. కాబట్టి ఆమె చదువు అక్కడితో ఆగిపోవలసినదే. ఆగిపోవుటకేమి, అప్పటికి మొదలే కాలేదు!

ఆమె అదృష్టము తమ్ముని రూపమున వచ్చెను. పై చదువులకై లక్ష్మణరావు నాగపురమునకు, అక్కగారి యింటికి వచ్చెను. అతడు చదువుకొనుచుండగా అక్కయు ఆ పుస్తకముల చెంత చేరెను. అతని కొఱకు ఏర్పడిన చదువులో ఆమె తన భాగమును తాను తీసికొనెను. తెలుగు వచ్చెను, హిందీ, మరాఠీ, ఇంగ్లీషు భాషలు వచ్చెను, వంగ, గుర్జర భాషలలోను, కొంత సంస్కృతమునను ఆమె పరిచయము సంపాదించెను. ఇంటిపనులను ఆమె కొఱకు మఱియెవరు చేసిపెట్టుదురు? అవి ముగిసిన తరువాత మిగిలిన వేళయే ఆమె విద్యాకాలము. పాఠశాలలో పదేండ్లు కూర్చున్నవారికి కూడ అన్ని భాషలు అబ్బుట అరుదు.

ఆ ప్రాంతమున వాడుకలోనున్న మరాఠీ ఆమెకు ఒక క్రొత్త లోకమును చూపగలిగినది. 1882లోనే తారాబాయి షిండే అను స్త్రీ, దోషములన్నియు ఆడువారివేయని చెప్పు పురుషులను నిలదీయుచు మరాఠీలో ఒక పుస్తకము ప్రకటించియుండెను. 1886లో ఆనందీబాయి జోషి అమెరికాలో వైద్యవిద్య ముగించి పట్టము పొందెను. 1889లో పండిత రమాబాయి బొంబాయిలో వితంతువుల కొఱకు శారదాసదనము నెలకొల్పెను. తెలుగునాట నాడు స్త్రీలను గూర్చి పురుషులు వాదించుచుండగా, పడమటి దేశమున స్త్రీలే స్వయముగా మాటాడుచుండిరి.

అచ్చమాంబకు ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిరి. ఇద్దఱును చిన్నతనముననే మరణించిరి. బిడ్డలు లేని స్త్రీని శుభకార్యములలో వెనుకకు నెట్టు కాలమది. తల్లి యనిపించుకొనుటయే స్త్రీకి లోకము పెట్టిన పెద్ద పని కదా. ఆ పని ఆమె చేతినుండి రెండుమార్లు జారిపోయెను. ఆమె అనాథలైన బాలబాలికలను తన యింట చేర్చుకొని, అన్నము పెట్టి, చదువు చెప్పించుచు వచ్చెను. చదువుటయు వ్రాయుటయు మానలేదు.

స్త్రీలు స్వభావముచేతనే బలహీనులు, బుద్ధిహీనులు అను మాట నాటి పుస్తకములలోను ఉపన్యాసములలోను తఱచుగా వినవచ్చుచుండెను. దీనిని ఖండించుటకు కోపము చాలదు, ఋజువులు కావలెనని అచ్చమాంబ గ్రహించెను. పూర్వచరిత్రలో రాజ్యములేలిన స్త్రీలు, యుద్ధములు చేసిన స్త్రీలు, కవిత్వము చెప్పిన స్త్రీలు, శాస్త్రములు చదివిన స్త్రీలు ఎవరెవరో వెదకి, పలు భాషల గ్రంథములనుండి వారి వృత్తాంతములను సేకరింపసాగెను. ఈ కృషి ఫలితమే “అబలాసచ్చరిత్రరత్నమాల”. దీని మొదటి భాగము 1901లో వెలువడెను. దీనిని ప్రకటించినవారు వీరేశలింగముగారు. తెలుగులో స్త్రీల చరిత్రను ఒక స్త్రీ వ్రాయుట అంతకుముందు లేదు. ఆమె పూనిక పెద్దది. చారిత్రక స్త్రీలకు ఒక భాగము, వేదపురాణములలోని స్త్రీలకు ఒకటి, విదేశ స్త్రీలకు ఒకటి చొప్పున మూడు భాగములు వ్రాయవలెనని సంకల్పించెను.

ఆ గ్రంథనామమున ఒక విశేషము కలదు. అబల యనగా బలము లేనిది. కత్తిపట్టి రాజ్యమును కాపాడినవారి కథలున్న పుస్తకమునకు ఆమె ఆ పేరు పెట్టినది. లోకము పెట్టిన పేరును అట్లే యుంచి, దాని క్రింద ఆ పేరు చెల్లదని చూపు కథలను వరుసగా పేర్చినది.

ఇట్టి చరిత్రలు చదివి మురియుట ఒక యెత్తు. రాణులు కాని సామాన్యస్త్రీల మాట యేమి? ఆ ప్రశ్నకు సమాధానముగా ననుకొనవచ్చు, ఆమె కథలు వ్రాసెను. 1902లో స్త్రీల కొఱకు వెలువడిన “హిందూసుందరి” పత్రికలో ఆమె రచనలు వచ్చెను. అందు “ధనత్రయోదశి” యనునది మిక్కిలి ప్రసిద్ధము. ఒక పేద గృహస్థుడు దీపావళి పండుగ వేళ భార్యాబిడ్డలకు ఏమియు కొనలేక, ఆశకు లోబడి యజమాని ధనమును తీయును. అతని భార్య ఆ ధనమును ముట్టదు; తిరిగి యిచ్చివేయుమని పట్టుబట్టును. భార్య భర్తకు బుద్ధి చెప్పుట, చెప్పి ఒప్పించుట, నాటి పాఠకులకు చిన్న విషయము కాదు.

“దంపతుల ప్రథమకలహము” అను కథలో క్రొత్తగా కాపురమునకు వచ్చిన యువతి, తాను భార్యయా, దాసియా యని కోపించును. చివరకు ఇంటి పెద్దామె చెప్పిన హితవు విని ఆమె శాంతించును. నేటి పాఠకునకు ఈ ముగింపు కొంత చప్పగా తోచవచ్చును. అచ్చమాంబ తన కాలపు పతిభక్తిని పూర్తిగా కాదనలేదు. అయినను ఆ యువతి అడిగిన ప్రశ్న అచ్చులో నిలిచినది. హితవు విని శాంతించినది కథలోని యువతి మాత్రమే.

వ్రాతతో ఆమె తృప్తిపడలేదు. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. ఆంధ్రదేశమున పెక్కు ఊళ్లు తిరిగి స్త్రీలను కూర్చి ఉపన్యసించెను. సమాజములు పెట్టుకొనుడని ప్రోత్సహించెను. గడపదాటి పేరంటమునకు తప్ప మఱియెచ్చటికిని పోని స్త్రీలు, తమవంటి ఒక గృహిణి సభలో నిలిచి మాటాడుట చూచిరి. ఏండ్ల తరబడి ప్రవాసమున నున్నను ఆమె తెలుగు సడలలేదు.

1905 జనవరి 18వ తేదీన అచ్చమాంబ మరణించెను. ఆమె వయస్సు ముప్పదియేండ్లు. సంకల్పించిన మూడు భాగముల గ్రంథము ఆమె చేతిమీదుగా పూర్తికాలేదు. విదేశ స్త్రీల చరిత్రలు తెలుగువారికి ఆమె కలమునుండి అందలేదు.

అక్కగారి యింట చదివిన లక్ష్మణరావుగారు ఆమె పోయిన మఱుసటి సంవత్సరము, 1906లో, విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రలు, శాస్త్రములు తెలుగులో వెలువరింపసాగిరి. పిమ్మట ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. ఆయన పేరు తెలుగునాట మారుమ్రోగెను. అక్కగారి పేరు క్రమముగా మఱుగుపడెను. 1910లో గురజాడ అప్పారావుగారు వ్రాసిన “దిద్దుబాటు” తెలుగులో మొదటి కథయని చిరకాలము చెప్పుకొనిరి. చాల యేండ్ల తరువాత పరిశోధకులు పాత స్త్రీల పత్రికలను తిరుగవేసి అచ్చమాంబ కథలను వెలికి తీసిరి. మొదటి కథ యేదను వాదము నేటికిని ముగియలేదు గాని, “దిద్దుబాటు” కంటె ఎనిమిదేండ్ల ముందే “ధనత్రయోదశి” అచ్చయినదను మాటలో వాదమునకు తావు లేదు.