పొగకు పని చెప్పిన ఆల్ఫ్రెడ్ బ్యూకి



ఈ ప్రత్యేక సంచికకు ఒక గొప్పవారి జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శి గారు అడిగారు. దేశ నాయకుల గురించి, కవుల గురించి రాయడానికి మన సంఘంలో నాకంటే తగినవారు ఉన్నారు. నా ఉద్యోగమంతా బస్సుల గ్యారేజిలోనే గడిచింది. కనుక నాకు అన్నం పెట్టిన యంత్రాన్ని బాగుచేసిన ఒక మహాశయుని గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఆల్ఫ్రెడ్ బ్యూకి. ఇంజిన్ల పని తెలిసినవారికి ఆయన సుప్రసిద్ధుడే. తెలియనివారు కూడా ఆయన చలవతోనే రోజూ ప్రయాణం చేస్తున్నారు. లారీలకు, బస్సులకు మనం టర్బో అని పిలిచే భాగానికి మూలపురుషుడు ఆయనే.

బ్యూకి గారు 1879 జూలై 11న స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ పట్టణంలో జన్మించారు. తండ్రి జోహాన్ బ్యూకి సుల్జర్ అనే పెద్ద యంత్రాల కంపెనీలో ఉన్నతాధికారి. పిల్లవాడు పుట్టినప్పటి నుంచి ఇనుము, ఆవిరి, నూనె వాసనల మధ్యనే పెరిగాడు. జ్యూరిక్ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో ఇంజినీరింగు చదివి 1903లో పట్టా పుచ్చుకున్నారు. ఆ తర్వాత కొంతకాలం బెల్జియంలో, ఇంగ్లండులో పనిచేశారు.

ఆ రోజుల్లోనే ఆయన్ని ఒక లెక్క పట్టుకుంది. ఆ లెక్క మా గ్యారేజి కుర్రాళ్లకు నేను చెప్పిన పద్ధతిలోనే ఇక్కడా చెబుతాను. నూరు రూపాయల డీజిల్ పోస్తే చక్రం దగ్గరికి చేరేది సుమారు మూడో వంతు. ఇంకో మూడో వంతు రేడియేటరు నీళ్లు తాగేస్తాయి. మిగిలినది వేడి పొగగా సైలెన్సరు గుండా ఆకాశంలో కలిసిపోతుంది. ఆ పొగ ఊరికే పోవడం లేదు, ఆరేడు వందల డిగ్రీల వేడితో, మంచి వేగంతో పోతోంది. అంత బలం ఉన్నదాన్ని పారబోయడం బ్యూకి గారికి మనసొప్పలేదు. ఆ పొగతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంకో చక్రం తిప్పి, బయటి గాలిని గట్టిగా అదిమి ఇంజినులోకి పంపితే? గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండుతుంది, అదే ఇంజిను ఎక్కువ బరువు లాగుతుంది. ఈ ఆలోచనకు 1905 నవంబరు 16న జర్మనీలో పేటెంటు పొందారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు.

ఆలోచన ఇరవై ఆరేళ్లకు వచ్చినా అది నడిచే యంత్రం కావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ ఇరవై ఏళ్లే. 1909లో తండ్రిగారు పనిచేసిన సుల్జర్‌లోనే డీజిల్ ఇంజిన్ల పరిశోధన విభాగంలో చేరారు. 1911లో ప్రయోగశాల ఏర్పడింది. 1915లో తయారైన నమూనా నమ్మకంగా పనిచేయలేదు, ఉత్పత్తికి ఎక్కలేదు. అప్పటి ఉక్కు అంత వేడిని, అంత వేగాన్ని తట్టుకోగలిగేది కాదు. పైగా ఇంకో చిక్కు ఉంది. పొగ దారిలో చక్రం అడ్డుపెట్టగానే పొగ వెనక్కి తన్నుతుంది. ఒక సిలిండరు వదిలిన పొగ పక్క సిలిండరు నోట్లోకి పోతుంది. ముందు తలుపు, వెనుక తలుపు జనాన్ని ఒకే తలుపు దగ్గరికి తోసి దిగమంటే ఏమవుతుందో మనకు తెలుసు కదా, అదే తంతు.

ఇక్కడ మామూలు ఇంజినీరు అయితే పొగను అదుపు చేయడానికి సిలిండరుకు ఒక కవాటం చొప్పున పెట్టి, వాటిని తెరవడానికి, మూయడానికి కడ్డీలు, స్ప్రింగులు, పళ్ల చక్రాలు పెట్టి ఉండేవాడు. ఎర్రగా కాలే గొట్టంలో అన్ని కదిలే భాగాలు ఎన్నాళ్లు ఉంటాయి? మసి పట్టి బిగుసుకుపోతాయి. బ్యూకి గారు ఆ దారి పట్టలేదు. కవాటాలు పెట్టకుండా గొట్టాలనే విడదీశారు. 1925లో ఆయన పొందిన పేటెంటు సారాంశం ఇది. ఏ సిలిండరు ఎప్పుడు పేలుతుందో చూసుకుని, ఒకదానికొకటి అడ్డం రాని సిలిండర్లను ఒక గొట్టంలో కలపాలి, మిగిలినవాటిని వేరే గొట్టంలో కలపాలి, రెండు గొట్టాలనూ విడివిడిగా టర్బో చక్రం దాకా తీసుకుపోవాలి.

ఇది మన బస్సు ఇంజినులోనే చూడవచ్చు. ఆరు సిలిండర్ల ఇంజిను పేలే వరుస 1-5-3-6-2-4. మెకానిక్‌గా చేరిన ప్రతివాడూ ఎక్కాల్లా బట్టీపట్టిన వరుస ఇది. దాన్ని నింపాదిగా చూడండి. ఒకసారి ముందు మూడింట్లో ఒకటి, మరుసటిసారి వెనుక మూడింట్లో ఒకటి పేలుతున్నాయి. అందుచేత 1, 2, 3 సిలిండర్లకు ఒక గొట్టం, 4, 5, 6 సిలిండర్లకు ఇంకో గొట్టం. ఒక పొగ కెరటం వెళ్లి చక్రాన్ని తట్టి చల్లబడేదాకా అదే గొట్టంలోకి ఇంకో కెరటం రాదు. రెండు కెరటాల మధ్య గొట్టంలో ఒత్తిడి తగ్గినప్పుడు కొత్త గాలి సిలిండరులో మిగిలిన పొగను ఊడ్చి బయటికి నెడుతుంది. కదిలే భాగం ఒక్కటి కూడా పెరగలేదు. గ్యారేజిలో చేరిన పదేళ్లకు గానీ, ఆ గొట్టం రెండు పాయలుగా ఎందుకు పోతపోశారో నాకు అర్థం కాలేదు. అర్థమైన రోజు రాత్రి భోజనం దగ్గర మా ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరూ విన్నట్టు లేదు.

ఫలితం సముద్రం మీద కనిపించింది. 1926లో ప్రయాణాలు మొదలుపెట్టిన ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాంజిగ్ అనే రెండు జర్మన్ ఓడల్లో బ్యూకి గారి పద్ధతిలో టర్బోలు అమర్చారు. పది సిలిండర్ల ఇంజిను 1,750 హార్స్ పవర్ ఇచ్చేది కాస్తా 2,500 ఇచ్చింది. మరుసటి ఏడు, 1927లో, బ్రౌన్ బోవెరి కంపెనీ, వింటర్‌టూర్ లోకోమోటివ్ కర్మాగారం ఆయనతో కలిసి బ్యూకి సిండికేట్ ఏర్పాటు చేశాయి. 1938లో స్విట్జర్లాండుకే చెందిన సాఉరర్ కంపెనీ లారీ ఇంజినుకు టర్బో పెట్టింది. మన బస్సుల పూర్వీకుడు అదే.

అయితే ఓడకు సరిపోయినది రోడ్డుకు పూర్తిగా సరిపోలేదు. ఓడ ఇంజిను గంటల తరబడి ఒకే వేగంతో నడుస్తుంది. బస్సు ఇంజిను ఆగుతూ, లేస్తూ, ఎత్తులెక్కుతూ నడుస్తుంది. తక్కువ వేగంలో కూడా గాలి అందాలని చిన్న టర్బో పెడితే, ఎక్కువ వేగంలో అది అవసరానికి మించి గాలి కూరుతుంది. విమానాలవారికి ఈ బాధ ముందే తెలుసు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజినీరు పద్నాలుగు వేల అడుగుల పైక్స్ శిఖరం మీదికి విమాన ఇంజినును ఎక్కించి, టర్బో ఉంటే అంత పలుచని గాలిలో కూడా నేలమీది శక్తి తగ్గదని చూపించాడు. మరి అదే ఇంజిను నేలమీద ఉన్నప్పుడు గాలి ఎక్కువైపోతుంది కదా! అందుకని మిగులు పొగను చక్రానికి తగలకుండా పక్కదారిన వదిలే కవాటం అవసరమైంది. దాన్నే వేస్ట్‌గేట్ అంటారు.

కార్లలోకి టర్బో వచ్చిన 1962లో అమెరికాలోనే రెండు దారులు కనిపించాయి. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారుకు వేస్ట్‌గేట్ పెట్టారు, దానితోపాటు నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం పోసే ఏర్పాటు కూడా పెట్టారు. యజమానులు ద్రవం పోయడం మరిచిపోయేవారు. రెండేళ్లలో ఆ కారు ఆగిపోయింది. అదే ఏడు వచ్చిన కొర్వేర్ మోంజాకు కవాటమే లేదు. పొగ గొట్టం ఇరుకుగా ఉంచి ఒత్తిడిని అదుపులో పెట్టారు. అది మరికొన్నేళ్లు నడిచింది. చివరికి ప్రపంచమంతటా నిలబడిన కవాటం చాలా చిన్నది. పొగ పక్కదారికి ఒక ఇనుప రేకు మూత, దానికి ఒక కడ్డీ, కడ్డీ చివర డబ్బాలో ఒక రబ్బరు డయాఫ్రం, ఒక స్ప్రింగు. టర్బో అదిమిన గాలే ఒక సన్నని గొట్టం గుండా డయాఫ్రంను నెడుతుంది. గాలి మితిమీరగానే మూత తెరుచుకుంటుంది, తగ్గగానే స్ప్రింగు మూసేస్తుంది. కరెంటు లేదు, మనిషి చెయ్యి అక్కర్లేదు.

మనిషి చెయ్యి పడితే ఏమవుతుందో చెప్పవలసినవాణ్ణి నేనే. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చి 23 నుంచి పనిచేయడం మొదలుపెట్టాక మా గ్యారేజి నుంచి కూడా అటు బస్సులు వెళ్లేవి. ఆ ప్రాంతం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంటుంది. గాలి సుమారు ఆరు శాతం పలుచన. టర్బో ఉన్న బండికి అది లెక్కలోకి రాదు. అయినా 2009 వేసవిలో ఒక డ్రైవరు గారు, లగేజితో బండి నిండితే లాగడం లేదన్నా, ఏదో ఒకటి చెయ్యి అని బతిమాలాడు. వేస్ట్‌గేట్ కడ్డీ మీద నట్టు రెండు చుట్లు తిప్పి కడ్డీని పొట్టి చేశాను. అంటే మూత ఆలస్యంగా తెరుచుకుంటుంది. పంపులో డీజిల్ కూడా కొంచెం పెంచాను. వారం రోజులు ఆ డ్రైవరు నన్ను ఆకాశానికెత్తాడు. ఎనిమిదో రోజు తెల్లవారుజామున గగన్‌పహాడ్ దాటగానే హెడ్ గ్యాస్కెట్టు పోయింది. రేడియేటరు నుంచి నీళ్లు చిమ్మి బండి రోడ్డు పక్కన నిలిచిపోయింది.

బ్రేక్‌డౌన్ బండిలో వెళ్లినవాణ్ణి నేనే. ప్రయాణికుల్లో చాలామంది ఆటోలు పట్టుకుని వెళ్లిపోయారు. ఒక్కాయన మాత్రం తాడుతో కట్టిన అట్టపెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. నిజామాబాద్ వైపు మనిషి, గల్ఫ్‌కు మొదటిసారి వెళ్తున్నాడు, జేబులో ఆటోకు సరిపడా డబ్బు కూడా లేదు. నేను ఆటో మాట్లాడి ఎక్కించాను. చేరేసరికి కౌంటరు మూసేశారని సాయంత్రం తెలిసింది. ఆ టికెట్టుకు ఆయన ఎక్కడ అప్పు చేశాడో, ఎంత వడ్డీకి చేశాడో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. నా తనిఖీ పుస్తకంలో గ్యాస్కెట్టు పాతబడి పోయిందని రాశాను. అది అబద్ధం. ఇన్నేళ్ల తర్వాత మన పత్రికలో ఒప్పుకుంటున్నాను.

కడ్డీని మళ్లీ పాత కొలతకు తెచ్చి, నట్టు మీద ఎర్ర రంగు పూశాను. తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లు ఆ గ్యారేజిలో ఏ నట్టు మీద రంగు చెరిగినా కారణం అడిగేవాణ్ణి. బ్యూకి గారి చరిత్ర వెతికి చదవడం కూడా ఆ తర్వాతే మొదలుపెట్టాను.

ఆయన చివరి సంవత్సరాలు కూడా వింటర్‌టూర్‌తో ముడిపడినవే. 1959 అక్టోబరు 27న ఎనభయ్యో ఏట ఆ ఊళ్లోనే కన్నుమూశారు. అప్పటికి ఓడల్లో, రైలు ఇంజిన్లలో, విద్యుత్ కేంద్రాల్లో ఆయన పద్ధతి స్థిరపడింది. కార్లలోకి రావడం మాత్రం మూడేళ్ల తేడాలో ఆయన చూడలేకపోయారు.

2019 మార్చిలో విమానాశ్రయం దారుల్లో ఎలక్ట్రిక్ బస్సులు తిరగడం మొదలైంది. అప్పటికి నేను పదవీ విరమణ చేశాను. మా మనవడితో ఆరాంఘర్ దగ్గర ఒకటి ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లాను. దిగాక అలవాటు కొద్దీ బండి వెనక్కి నడిచాను. పొగ గొట్టం లేదు, టర్బో లేదు, రంగు పూయడానికి నట్టు లేదు. తాతయ్య ఏం వెతుకుతున్నాడని మనవడు అడిగాడు. వాడికి బ్యూకి గారి కథ అక్కడే బస్టాపులో కూర్చుని చెప్పాను. గగన్‌పహాడ్ సంగతి మాత్రం చెప్పలేదు. ఈ సంచిక ఇంటికి వచ్చాక వాడే చదువుకుంటాడు.