ఇసుక తీరపు మొక్కలకు ఆధారం రాక్స్‌బర్గ్

సూర్యలంక (బాపట్ల):
సముద్రపు ఇసుకలో మొలిచే చిరివేరు కంటికి ఆనని చిన్న మొక్క. ఒకనాడు కోస్తా అద్దకం పనివారి నూలు వస్త్రాలకు ఎర్రదనమిచ్చినది దాని వేరే. ఆ మొక్కను బొమ్మతో సహా శాస్త్రలోకానికి సవివరంగా అందించినవాడు విలియం రాక్స్‌బర్గ్. సూర్యలంక వంటి ఇసుక తీరాల వృక్షసంపదను అధ్యయనం చేసేవారికి ఆయన గ్రంథాలు నేటికీ ప్రమాణమే.

స్కాట్లండులో 1751లో జన్మించిన రాక్స్‌బర్గ్ ఎడింబరోలో వైద్యం, వృక్షశాస్త్రం అభ్యసించాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్య విభాగంలో చేరాడు. 1781లో సామర్లకోట చేరుకుని, అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ వంటి పంటలను ప్రయోగాత్మకంగా పెంచాడు. ఎండ, వానల లెక్కలను నిత్యం నమోదు చేశాడు.

ఉప్పెనలో పోయిన శ్రమ

1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఏళ్ల తరబడి సేకరించిన ఎండు మొక్కలు, పుస్తకాలు, వ్రాతప్రతులు చాలావరకు రాక్స్‌బర్గ్ చేజారిపోయాయి. ఆయన నిరాశ చెందక మళ్లీ మొదలుపెట్టాడు. స్థానిక చిత్రకారులను నియమించి, పచ్చి మొక్కను ఎదుట ఉంచుకుని బొమ్మలు గీయించాడు. తెలుగువారు పిలిచే పేర్లనూ వ్రాసుకున్నాడు.

ఆ శ్రమ ఫలితమే కోరమాండల్ తీర వృక్షాల గ్రంథం. సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండనులో వెలువడింది. సాగుచేసిన చిరివేరు కన్నా ఇసుకలో తనంత తాను పెరిగిన వేరు పొట్టిదైనా నాలుగో వంతు ఎక్కువ రంగునిస్తుందని ఆయన నమోదు చేశాడు. ఆ రంగుకు మూలమైన ఎలిజరిన్‌ను 1868లో జర్మనీలో కృత్రిమంగా తయారుచేయడంతో వేరు వ్యాపారం క్రమంగా క్షీణించింది. ఆ వేరు విలువ నేడు తెలిసేది ఇటువంటి నమోదుల వల్లనే.

బొమ్మలే సాక్ష్యం

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లి, ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఆయన ఎండు మొక్కల నమూనాలు ఐరోపాలోని పలు హెర్బేరియాలకు చేరాయి. వాటిలో చాలావాటిపై సేకరించిన ఊరు, తేదీ కనిపించవు. ఆ లోటును తీరుస్తున్నవి తెలుగు తీరంలో మొదలైన ఆ చిత్రాలే. రెండున్నర వేలకు పైబడిన ఆ చిత్రాల ప్రతులు కలకత్తాలోనూ, లండను సమీపంలోని క్యూ ఉద్యానంలోనూ భద్రంగా ఉన్నాయి. గీసిన చిత్రకారుల పేర్లు మాత్రం మరుగున పడ్డాయి.

అనారోగ్యంతో 1813లో భారతదేశం వీడిన రాక్స్‌బర్గ్ 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. ఆయన ప్రధాన గ్రంథం ఫ్లోరా ఇండికా 1832లో గానీ పూర్తిగా అచ్చు కాలేదు. ఉప్పెన ఒకసారి తుడిచిపెట్టిన కృషిని రెండోసారి తలకెత్తుకున్నందునే తెలుగు తీరపు మొక్కలకు చరిత్ర మిగిలింది.