ఎముక సిమెంటును పరీక్షించే వెలుగు: సర్ సి.వి.రామన్ జీవన రేఖలు

ఎముకలలోని ఖాళీలను పూరించే కాల్షియం ఫాస్ఫేట్ సిమెంటు ఏ పదార్థంగా గట్టిపడిందో తెలిపే ఒక ముఖ్య పరీక్షకు సర్ చంద్రశేఖర వెంకట రామన్ పరిశోధన పునాది వేసింది.

1888 నవంబర్ 7న తిరుచిరాపల్లిలో జన్మించిన రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన రామన్ 1907లో కలకత్తాలో ఆర్థిక శాఖ అధికారిగా చేరారు. కలకత్తాలో ఉన్న కాలంలో కార్యాలయ వేళలు ముగిశాక ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో ప్రయోగాలు చేసేవారు. 1917లో ఎక్కువ జీతం గల ఆ ఉద్యోగాన్ని వదలి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి స్వీకరించారు.

ఒకే రంగు కాంతి పదార్థంపై పడి చెదిరినపుడు, అణువుల కంపనాలను బట్టి అందులో స్వల్ప భాగం రంగు మారుతుందని 1928 ఫిబ్రవరి 28న కె.ఎస్.కృష్ణన్ సహకారంతో కనుగొన్నారు. 1930లో నోబెల్ బహుమతి, 1954లో భారతరత్న ఆయనను వరించాయి. 1970 నవంబర్ 21న బెంగళూరులో కన్నుమూశారు.

1980 దశకంలో అమెరికా పరిశోధకులు బ్రౌన్, చౌ ఈ సిమెంటును రూపొందించారు. పొడిని ద్రవంతో కలిపితే అది ఎముక ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్‌గా మారుతుంది. రామన్ వర్ణపటంలో దాని ఫాస్ఫేట్ గుర్తు సెంటీమీటరుకు సుమారు 960 తరంగాల వద్ద కనిపిస్తుంది. త్వరగా కరిగే బ్రషైట్ గుర్తు 985 సమీపంలో ఉంటుంది. నీరు ఈ పరీక్షకు పెద్దగా అడ్డురాదు కనుక తడి సిమెంటు గట్టిపడుతుండగానే పరిశీలించవచ్చు.

రామన్ ఆవిష్కరణకు గుర్తుగా 1987 నుంచి ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకొంటున్నారు.