కోడూరు రాతికి పేరు పెట్టిన ఫెర్మోర్

గరివిడి: విజయనగరం జిల్లాలోని కోడూరు పేరు ప్రపంచ భూగర్భ శాస్త్ర గ్రంథాలలో కనిపిస్తుందంటే స్థానికులే ఆశ్చర్యపోతారు. గరివిడి సమీపంలోని ఈ గ్రామం పేరిట ఒక శిలకు కోడూరైట్ అని నామకరణం చేసిన శాస్త్రవేత్త సర్ లూయిస్ లీ ఫెర్మోర్.

ఆయన 1880 సెప్టెంబరు 18న లండన్‌లో జన్మించారు. రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో విద్యాభ్యాసం ముగించి 1902లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరారు. దేశంలో మాంగనీసు తవ్వకాలు అంతకు పదేళ్ల ముందు, 1892లో, నాటి విశాఖపట్నం జిల్లాలోనే ఆరంభమయ్యాయి. తొలి ఏడాది దిగుబడి 674 టన్నులు. కోడూరు, గర్భాం, గరివిడి గనులను ఫెర్మోర్ క్షుణ్ణంగా పరిశీలించారు.

భారతదేశ మాంగనీసు నిక్షేపాలపై ఆయన రచించిన బృహద్గ్రంథం 1909లో వెలువడింది. వెయ్యికి పైగా పుటలు గల ఆ గ్రంథంలో పటాలతోపాటు గనుల ఛాయాచిత్రాలూ ఉన్నాయి. వీటి విలువ భూగర్భ శాస్త్ర విద్యార్థులకే బాగా తెలుస్తుంది. కొండ తరతరాలు నిలుస్తుంది గానీ గని తవ్వేకొద్దీ మారిపోతుంది. ఆనాడు బయటపడిన రాతిపొరలు ఖనిజంతోపాటే ఓడలెక్కి వెళ్లిపోయాయి. వాటిని చూడాలంటే ఆ పుటలే శరణ్యం. నేటి విద్యార్థులు రాతిని ఫొటో తీసేటప్పుడు పరిమాణం తెలియడానికి పక్కన సుత్తినో, నాణేన్నో ఉంచుతారు. స్థలం, దిశ కూడా రాసుకోకపోతే ఆ ఫొటో ఎందుకూ కొరగాదు.

కోడూరైట్‌లో ప్రధానంగా ఫెల్డ్‌స్పార్, మాంగనీసు గల గార్నెట్, అపటైట్ ఉంటాయి. భూగర్భంలోని శిలాద్రవం చల్లారి ఈ శిల ఏర్పడిందని ఫెర్మోర్ భావించారు. తరువాతి పరిశోధకులలో అనేకులు దీనితో ఏకీభవించలేదు. పరిసరాల్లోని ఖోండలైట్ శిలలు ఒకనాటి నీటి అడుగున పేరుకున్న బురద మట్టి తీవ్రమైన వేడికీ, ఒత్తిడికీ రూపాంతరం చెందగా ఏర్పడినవే. మాంగనీసు కూడా ఆ అవక్షేపాలతోనే చేరిందని వారి నిర్ణయం. అయినా ఫెర్మోర్ పెట్టిన పేరు మారలేదు. ఆయన నమోదు చేసిన వివరాలు ఆయన వాదాన్ని ఖండించినవారికీ అక్కరకు వచ్చాయి.

ఫెర్మోర్ 1930 నుంచి 1935 వరకు సర్వేక్షణ సంస్థ డైరెక్టర్‌గా పనిచేశారు. 1934లో రాయల్ సొసైటీ సభ్యత్వం, మరుసటి ఏడాది సర్ బిరుదు లభించాయి. నేటి భారత జాతీయ సైన్స్ అకాడమీకి మాతృసంస్థ అయిన సంస్థకు తొలి అధ్యక్షుడూ ఆయనే. కుటుంబ జీవితం మాత్రం అంత సాఫీగా సాగలేదు. తండ్రి ఇక్కడి రాళ్ల నడుమ ఉండగా కుమారుడు పాట్రిక్ ఇంగ్లండ్‌లో పెరిగాడు. తండ్రీకొడుకులు కలుసుకున్న సందర్భాలు తక్కువ. ఆ పాట్రిక్ లీ ఫెర్మోరే తదనంతర కాలంలో యాత్రా రచయితగా ప్రసిద్ధి పొందారు.

ఫెర్మోర్ 1954 మే 24న ఇంగ్లండ్‌లో కన్నుమూశారు. ఆ దశకంలోనే గరివిడిలో ఫెర్రో మాంగనీసు కర్మాగారం వెలసింది.