అరికాలు పలికిన సత్యము

వైద్యశాలలో రోగి మంచముపై వెల్లకిల పరుండియున్నాడు. వైద్యుడు అతని కన్నులను పరీక్షించెను. మోకాలి చిప్ప క్రింద చిన్న సుత్తితో కొట్టి చూచెను. చివరకు ఒక తాళపుచెవిని తీసికొని, దాని మొద్దుకొనతో అరికాలి వెలుపలి అంచున మడమనుండి వ్రేళ్లవైపునకు మెల్లగా గీచెను. ఆరోగ్యవంతునకు అట్లు గీచినపుడు కాలివ్రేళ్లు క్రిందికి ముడుచుకొనును. ఈ రోగికి బొటనవ్రేలు నెమ్మదిగా పైకి లేచెను. వైద్యుని ముఖము గంభీరమయ్యెను. మెదడునందో వెన్నుపామునందో హాని జరిగినదని ఆ వ్రేలు ఆయనకు తెలియజేసెను.

నిమిషమైనను పట్టని ఈ పరీక్ష నేటికిని ప్రపంచమంతట జరుగుచున్నది. మెదడు లోపలిని చూపు యంత్రములు ఎన్ని వచ్చినను దీని విలువ తగ్గలేదు. దీనికి బాబిన్‌స్కి చిహ్నమని పేరు. ఆ పేరుగల వైద్యుడు ఒక పెద్ద పరీక్షలో తప్పినవాడు. విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి దక్కనివాడు.

జోసెఫ్ బాబిన్‌స్కి 1857 నవంబరు 17న పారిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు పోలండు దేశీయులు. ఆనాడు పోలండు స్వతంత్రదేశము కాదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ప్రభుత్వములు దానిని పంచుకొని ఏలుచుండెను. ఇంజనీరైన తండ్రి అలెగ్జాండరు స్వదేశమును వీడి ఫ్రాన్సున స్థిరపడెను. ప్రవాసుల బిడ్డలకై పారిస్‌లోని బాటిన్యోల్ పేటలో ఒక పోలిష్ పాఠశాల యుండెను. బాబిన్‌స్కి అందు చదివి, పిమ్మట వైద్యవిద్య నభ్యసించెను. అన్న హెన్రీ గనుల ఇంజనీరయ్యెను.

1885లో బాబిన్‌స్కి మల్టిపుల్ స్క్లిరోసిస్ అను నాడీవ్యాధిపై సిద్ధాంతవ్యాసము సమర్పించెను. ఆ సంవత్సరమే సాల్పెట్రియేర్ వైద్యశాలలో షార్కో మహాశయునకు సహాయకుడయ్యెను. షార్కో ఆనాటి ఐరోపా నాడీవైద్యులకు గురుతుల్యుడు. ఆయన పాఠములు వినుటకు దేశదేశములనుండి వైద్యులు వచ్చుచుండిరి. వియన్నానుండి ఫ్రాయిడ్ సైతము 1885లో వచ్చెను. 1887లో ఆంద్రే బ్రూయే అను చిత్రకారుడు అట్టి పాఠమునొకదానిని పెద్ద పటముగ చిత్రించెను. అందు షార్కో బోధించుచుండగా, సొమ్మసిల్లిన స్త్రీని వెనుకనుండి పట్టుకొని నిలిచిన యువకుడే బాబిన్‌స్కి.

ఆ స్త్రీకి గల వ్యాధి హిస్టీరియా. అది ఆనాటి వైద్యులకు పెద్ద చిక్కు. ఒక రోగికి కాలు పడిపోవును. కాని నాడులలో ఏ గాయమును కానరాదు. ప్రక్క మంచముమీది రోగికిని అట్లే కాలు పడిపోవును. అతనికి మెదడులో రక్తనాళము మూసికొనిపోయి యుండును. పైకి ఇద్దరును ఒక్కటే. నాడులు చెడినవానిని నటకుడని పంపివేసినచో అతని ప్రాణమునకే ముప్పు. మనోవ్యథచే కాలు కదలనివానికి తీరని వ్యాధి యని చెప్పినచో అతడు జీవితాంతము మంచమున పడియుండవచ్చును. బ్రతికియున్న మనుజుని మెదడును చూపు యంత్రము లేమియు నాడు లేవు. ఈ ఇరువురిని వేరుపరచుట ఎట్లు? ఈ ప్రశ్న బాబిన్‌స్కిని విడువలేదు.

ఇంతలో ఆయనకు గొప్ప ఎదురుదెబ్బ తగిలెను. విశ్వవిద్యాలయమున ఆచార్యత్వమునకు దారితీయు పోటీపరీక్షకు ఆయన 1892లో కూర్చుండెను. పరీక్షకసంఘాధ్యక్షుడు బూషార్. ఇతడు పూర్వము షార్కో శిష్యుడే. తరువాత ప్రత్యర్థి యయ్యెను. షార్కో ప్రియశిష్యుడు ఆ పరీక్షలో నెగ్గలేదు. మరుసటి సంవత్సరమే షార్కో మరణించెను. బాబిన్‌స్కి ఆ పరీక్షకు మరల పోలేదు. 1895లో పిటియే వైద్యశాలలో ఒక విభాగమునకు అధిపతియై, 1922 వరకు అచటనే సేవ చేసెను.

ఆచార్యపదవి లేకున్నను రోగులు ఉండిరి. ఆయనకు అది చాలెను. ఆయన ఎత్తరి, మితభాషి. రోగిని పలుమారులు పరీక్షించును. చాలసేపు మౌనముగా చూచును. ఊహకంటె కంటికి కనబడు గురుతునకు విలువ నిచ్చును. రోగి ఇచ్ఛచే తెచ్చిపెట్టుకొనజాలని గురుతు ఏదియో దానినే ఆయన వెదకుచుండెను.

1896 ఫిబ్రవరి 22న పారిస్ జీవశాస్త్ర సమాజమున ఆయన ఒక చిన్న వ్యాసమును సమర్పించెను. అది కేవలము 28 పంక్తులు. పక్షవాతము వచ్చినవారికి ఆరోగ్యముగా ఉన్న ప్రక్క అరికాలిని గుచ్చినచో వ్రేళ్లు క్రిందికి ముడుచుకొనుననియు, చెడిన ప్రక్క అవి పైకి లేచుననియు అందలి సారాంశము. వ్రేళ్లు అట్లు లేచుటను పూర్వము ఒకరిద్దరు చూడకపోలేదు. చూచినదానికి అర్థము చెప్పినవాడు బాబిన్‌స్కి. 1898లో ఆయన దీనిని విస్తరించి, మెదడునుండి వెన్నుపామునకు ఆజ్ఞలు కొనిపోవు నాడీమార్గము చెడుటయే దీనికి హేతువని నిరూపించెను. తక్కిన వ్రేళ్లు విసనకర్రవలె విచ్చుకొనుటను 1903లో వర్ణించెను.

దీని కారణము నేడు స్పష్టము. పసిబిడ్డ అరికాలిని గీచినచో బొటనవ్రేలు పైకే లేచును. మెదడునుండి దిగివచ్చు నాడీతంతువుల చుట్టు నుండవలసిన మైలిన్ తొడుగు అప్పటికింకను పూర్తికాదు. బిడ్డ నడక నేర్చి, రెండేండ్లు నిండునప్పటికి ఆ మార్గము పరిపక్వమగును. వెన్నుపాము మెదడు అదుపునకు వచ్చును. వ్రేళ్లు క్రిందికి ముడుచుకొనును. పెద్దవయసున ఆ మార్గము తెగినను నలిగినను ఆ అదుపు తప్పి, మరుగుపడిన శైశవపు అలవాటు మరల బయటపడును. కావున పసివానియందు సహజమైనది పెద్దవానియందు వ్యాధిలక్షణ మగును. మూర్ఛ వచ్చి తగ్గిన వెంటనే కొంతసేపు ఇది కనబడుటయు కలదు.

నెమ్మదిగా లేచు ఆ వ్రేలును నటించుట దుష్కరము. హిస్టీరియా పక్షవాతమున అది లేవదు. బాబిన్‌స్కి వెదకిన గురుతు దొరికెను. దానిని పట్టుకొని ఆయన తన గురువు కట్టిన సిద్ధాంతసౌధమునే పరీక్షించెను. హిస్టీరియా లక్షణములు పరుల సూచనచే పుట్టుననియు, నచ్చజెప్పుటచే తొలగుననియు 1901లో ప్రకటించెను. షార్కో ఒడిలో పెరిగిన శిష్యునకు ఇది సులభమైన పని కాదు.

1914లో యుద్ధము వచ్చెను. కాళ్లుచేతులు బిగుసుకొనిపోయిన సైనికులు వైద్యశాలలను నింపిరి. నటనయను అనుమానముతో వారిని బాధించు చికిత్సలును బయలుదేరెను. బాబిన్‌స్కి శిష్యుడైన క్లోవిస్ వాన్సాన్ తీవ్రమైన విద్యుత్తును ప్రయోగించి అపకీర్తి పాలయ్యెను. నచ్చజెప్పవలెనన్న సిద్ధాంతము కఠినుల చేతిలో బలాత్కారమయ్యెను. బాబిన్‌స్కి మాత్రము ఫ్రొమాన్‌తో కలిసి 1917లో వెలువరించిన గ్రంథమున, గాయములవలన కలుగు అట్టి బిగువులు కొన్ని హిస్టీరియా కావని వాదించెను.

ఆయన పరిశోధనలు అరికాలితో ఆగలేదు. చిన్నమెదడు చెడినపుడు కదలికలు పొందిక తప్పు తీరును వివరించెను. పక్షవాతము వచ్చినను అది తనకు వచ్చినదని ఎరుగని రోగుల స్థితిని 1914లో వర్ణించి దానికి పేరు పెట్టెను. వెన్నుపామును నొక్కు కంతులున్న చోటును బయటనుండియే నిర్ణయించి శస్త్రవైద్యులకు దారి చూపెను. ఆచార్యపీఠమెక్కని ఆయనకు శిష్యుడైన వాన్సాన్ తరువాతి కాలమున ఫ్రాన్సున నాడీశస్త్రచికిత్సకు తొలి ఆచార్యుడయ్యెను.

బాబిన్‌స్కి వివాహము చేసికొనలేదు. అన్న హెన్రీయు బ్రహ్మచారియే. ఇద్దరును ఒకే ఇంట నివసించిరి. తమ్ముడు రోగులతో కాలము గడుపగా అన్న ఇల్లు చక్కబెట్టెను. హెన్రీ వంటయందు ప్రవీణుడు. అలీబాబ్ అను మారుపేరుతో 1907లో పాకశాస్త్రగ్రంథమునొకటి రచించి కీర్తి గడించెను. 1931లో ఆయన మరణించుటతో తమ్ముడు ఒంటరి యయ్యెను. ఎందరి నాడీవ్యాధులనో గుర్తించిన బాబిన్‌స్కిని చివరి దినములలో పార్కిన్‌సన్ అను నాడీవ్యాధియే పట్టుకొనెను. 1932 అక్టోబరు 29న ఆయన పారిస్‌లో కన్నుమూసెను.

పరీక్షాపత్రములు ఆయనను తప్పినవానిగా నిర్ణయించెను. 28 పంక్తులు వైద్యవిద్యార్థులందరకు ఆయనను గురువును చేసెను. శిశువుల వైద్యశాలలలో, ప్రమాదములపాలైనవారిని చేర్చు గదులలో, నేటికిని వైద్యుడు మౌనముగా వంగి అరికాలిని గీచి, బొటనవ్రేలు ఎటు కదలునో అని వేచి చూచుచున్నాడు.