బంతి గతిని కొలిచిన పండితుడు

శాస్త్రజ్ఞుల చరిత్రలను చదువునపుడు సాధారణముగా ప్రయోగశాలయో, వేధశాలయో, గ్రంథాలయమో మన కన్నులకు గట్టును. సముద్రతీరమందలి ఒక పచ్చికబయలు నుండి, పిడికిట నిముడు ఒక చిన్న బంతి నుండి శాస్త్రములో ఒక అధ్యాయము పుట్టినదన్నచో వినువారికి వింతగానే తోచును. స్కాట్లాండు దేశీయుడగు పీటర్ గత్రీ టెయిట్ జీవితములో అట్టి వింత జరిగినది. గోల్ఫ్ బంతి గాలిలో ఎట్లు పోవును, అంతసేపు ఏల నిలుచును అను ప్రశ్నను గణితముతోను, కొలతలతోను పట్టి సాధించినవారిలో ప్రథముడు ఆయన. ఆ సాధనలో ఆయనకు కుడిభుజమైనవాడు ఆయన కన్నకొడుకు.

టెయిట్ 1831వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన ఎడింబరో నగర సమీపమునందలి డాల్కీత్ పట్టణములో జన్మించెను. చిన్నతనముననే తండ్రి గతించెను. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఎడింబరోలోని తన వారి ఇల్లు చేరెను. నక్షత్రములను చూచుట, రాళ్లను సేకరించుట, ఛాయాచిత్రములను తీయుట వంటి అభిరుచులు ఆ బాలునకు మేనమామ సాహచర్యమున అలవడినవి. ఎడింబరో అకాడమీలో ఆయన కంటె ఒక తరగతి పైన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ చదువుచుండెను. విద్యుదయస్కాంత సిద్ధాంతముతో లోకప్రసిద్ధుడైన ఆ మాక్స్‌వెల్‌తో నాడు కలిసిన స్నేహము జీవితాంతము నిలిచినది.

1852లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు గణిత పరీక్షలో టెయిట్ సర్వప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. అప్పటికి ఆయనకు ఇంకను ఇరువదియొక్క ఏండ్లు నిండియే యుండలేదు. 1854లో బెల్‌ఫాస్టులో గణితాచార్యుడై, 1860లో ఎడింబరో విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్ర పీఠమును పొందెను. ఆ పీఠమునకు మాక్స్‌వెల్ కూడ అభ్యర్థియే. పరిశోధనలో మాక్స్‌వెల్ ప్రతిభ ఎవరికిని తీసిపోదు. కాని తరగతిలో విద్యార్థులకు విషయమును విప్పి చెప్పుటలో టెయిట్‌దే పైచేయి అని ఎన్నుకొనువారు తలచిరి. నలువది సంవత్సరములు ఆయన ఆ పీఠమును అలంకరించెను. తరువాతి కాలమున పీటర్ పాన్ కథను రచించిన జె. ఎం. బారీ ఆయన శిష్యులలో ఒకడు. కెల్విన్ ప్రభువుగా పేరొందిన విలియం థామ్సన్‌తో కలిసి టెయిట్ వ్రాసిన భౌతికశాస్త్ర గ్రంథము 1867లో వెలువడి, ఒక తరము విద్యార్థులకు ప్రమాణమైనది. త్రాటి ముడులను గణితదృష్టితో వర్గీకరించి పట్టికలు వ్రాసినదియు ఆయనయే. పండితచర్చలలో ఆయన మాట మిక్కిలి పదును. వాదమునకు దిగినచో వెనుకకు తగ్గెడివాడు కాడు.

ఇంతటి ఆచార్యునకు సెలవులు వచ్చినచో నిలుకడ ఉండెడిది కాదు. కుటుంబముతో సెయింట్ ఆండ్రూస్ తీరమునకు పోయి, తెల్లవారినది మొదలు గోల్ఫ్ ఆడుచు ప్రొద్దు పుచ్చెడివాడు. మన పల్లెల బిళ్ళంగోడును ఎఱిగినవారికి గోల్ఫ్ బోధపడుట కష్టము కాదు. కఱ్ఱతో బంతిని కొట్టుచు పోయి, దూరముననున్న చిన్న గుంటలో వీలైనంత తక్కువ దెబ్బలతో పడవేయుటయే ఆట. పగటి ఆటతో తృప్తి తీరక, బంతులకు భాస్వరము పూసి చీకటిలో మెఱయునట్లు చేసి రాత్రివేళ ఆడి చూచినవాడు టెయిట్. ఆ ప్రయత్నములో ఒక మిత్రుని చేతి తొడుగు అంటుకొనుటతో ఆ వేడుక ఆగినది.

ఆనాటి బంతి గట్టాపర్చా అను మలయా దేశపు చెట్టుపాలతో చేసినది. 1848 ప్రాంతమున అది వచ్చుటకు పూర్వము, తోలుసంచిలో పక్షి ఈకలను కూరి కుట్టిన బంతులుండెడివి. వానిని చేయుటకు శ్రమయు, కొనుటకు వెలయు ఎక్కువ. వానలో తడిసినచో పనికి రావు. గట్టాపర్చా బంతి చవుక, గట్టిది. కాని దానితో ఒక చిక్కు ఏర్పడినది. క్రొత్తదై నున్నగానున్నపుడు బంతి త్వరగా నేలకు వ్రాలెడిది. దెబ్బలు తిని గాట్లు పడిన పిదప చక్కగా ఎగిరెడిది. ఆటగాండ్రు దీనిని గమనించి, క్రొత్త బంతులకే సుత్తితో గాట్లు పెట్టించుకొనసాగిరి. ఏల అట్లు జరుగునో వారికి తెలియదు.

టెయిట్ దృష్టి మొదట బంతి ఎగురు కాలముపై నిలిచినది. మంచి దెబ్బ తగిలిన బంతి ఆఱు సెకనులకు పైగా గాలిలో నుండుట ఆయన గడియారముతో చూచెను. ఇక్కడ పాఠశాల విద్యార్థి కూడ చేయదగిన లెక్క యొకటి కలదు. భూమ్యాకర్షణ తప్ప మరి యే బలమును లేనిచో, ఆఱు సెకనులు గాలిలో నుండు వస్తువు మూడు సెకనులు పైకి పోవలెను, మూడు సెకనులు క్రిందికి రావలెను. మూడు సెకనులలో వస్తువు పడు దూరము సుమారు 44 మీటర్లు. అనగా బంతి పది పదునాలుగు అంతస్తుల మేడయంత ఎత్తు లేవవలెను. సెయింట్ ఆండ్రూస్‌లో చూచువారికి బంతి అంత ఎత్తు పోవుట కనబడలేదు. అది తక్కువ ఎత్తున, చాలదూరము దాదాపు తిన్నగా సాగిపోవుచుండెను. గాలి నిరోధమును లెక్కలో చేర్చినను చిక్కు విడలేదు. బంతిని క్రింది నుండి మోయుచున్న బలమొకటి ఉండితీరవలెనని టెయిట్ నిశ్చయించెను.

ఆ బలము బంతి భ్రమణము నుండి పుట్టుచున్నది. గోల్ఫ్ కఱ్ఱ ముఖము కొంచెము వెనుకకు వాలియుండుటచే, దెబ్బ తగిలినపుడు బంతి ముందుకు పోవుచునే వెనుకకు గిరగిర తిరుగును. అపుడు బంతి పైభాగము ఎదురుగాలితో కలిసి కదలును. క్రిందిభాగము గాలికి ఎదురుగా కదలును. ఆ కారణమున బంతిని దాటిపోవు గాలి క్రిందికి మఱలును. దానికి ప్రతిక్రియగా బంతి పైకి నెట్టబడును. తిరుగుచున్న బంతి ప్రక్కకు వంగుటను న్యూటన్ 1672లోనే టెన్నిసు బంతియందు గుర్తించియుండెను. తుపాకిగుండ్ల విషయమున బెంజమిన్ రాబిన్స్ దానినే చూపెను. ఈ రాబిన్స్ తుదకు ఈస్టిండియా కంపెనీ కొలువులో మన తూర్పుతీరమునకు వచ్చి, 1751లో కడలూరు సమీపమునందలి సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. జర్మనీలో మాగ్నస్ ప్రయోగములు చేసిన పిదప ఆ ఫలితమునకు ఆయన పేరే నిలిచినది. అయితే గోల్ఫ్ బంతిని గాలిలో నిలుపునది ఇదియే అని స్థాపించిన కీర్తి టెయిట్‌దే.

ఈ నిర్ణయము ఆటగాండ్రకు రుచింపలేదు. బంతికి భ్రమణ మబ్బినచో అది దెబ్బలోని దోషమనియే వారి నమ్మకము. టెయిట్ తానును ఆ పాఠమునే నేర్చి, భ్రమణమును తప్పించుటకు ఏండ్ల తరబడి పాటుపడినవాడు. సత్యము తనకు ముప్పదియైదు సంవత్సరములు ఆలస్యముగా తెలిసినదని 1896లో ఒక వ్యాసమున ఆయన ఒప్పుకొనెను.

ఊహ చాలదు, కొలత కావలెను. అపుడే కుమారుని చేయి తోడైనది. మూడవ కుమారుడు ఫ్రెడరిక్, ఇంటివారికి ఫ్రెడ్డీ, 1870లో జన్మించెను. సైన్యములో అధికారి, గోల్ఫ్‌లో మేటి. బంతికి సన్నని పొడవైన పట్టీని మెలికలు లేకుండ అంటించి, రెండవ కొనను కదలకుండ బిగించి, కొన్ని అడుగుల దూరముననున్న బంకమట్టిలోనికి బంతిని కొట్టించెడివారు. పిదప పట్టీలో పడిన మెలికలను లెక్కించెడివారు. ఆఱడుగులకు ఒక మెలిక పడినదనుకొందము. బంతి సెకనుకు 240 అడుగుల వేగముతో పోయినదనుకొందము. అపుడు బంతి సెకనుకు 40 చుట్లు తిరిగినదని తేలును. వేగమును కొలుచుటకు రాబిన్స్ కల్పించిన ఊగుడు లోలకమే సాధనమైనది. వ్రేలాడు బరువైన దిమ్మలో బంతి తగులుకొన్నపుడు, ఆ దిమ్మ ఎంత ఊగునో చూచి బంతి వేగమును గణించుటయే ఆ పద్ధతి. గట్టాపర్చా, రబ్బరు మొదలగు పదార్థములపై బరువును జాఱవిడిచి, అది ఎంతసేపు తాకియుండునో, ఎంత ఎగిరిపడునో, తిరుగుచున్న గాజుపలకపై గీతగా పడునట్లు వేఱొక యంత్రమును ఆయన అమర్చెను. ఈ ఫలితములన్నియు 1890కి తరువాతి సంవత్సరములలో వ్యాసములుగా వెలువడినవి.

ఈ తండ్రీకొడుకులను గూర్చి ఒక కథ విరివిగా ప్రచారమందున్నది. బంతి ఇంత దూరమునకు మించి పోజాలదని తండ్రి గణితముతో నిరూపించెననియు, మరునాడే కొడుకు అంతకు మించి కొట్టి ఆ లెక్కను కొట్టివేసెననియు చెప్పుదురు. 1893 జనవరిలో మంచుతో గడ్డకట్టిన సెయింట్ ఆండ్రూస్ నేలపై ఫ్రెడ్డీ కొట్టిన బంతి గాలిలోనే సుమారు 250 గజములు పోయి, దొరలి దొరలి 340 గజములు దాటినమాట నిజమే. కాని అంతకు ముందే టెయిట్ భ్రమణ ప్రభావమును ప్రకటించియుండెను. భ్రమణమును విడిచిన లెక్క చాలదని ముందుగా కనుగొన్నవాడు ఆయనయే. పండితుడు ఓడినాడన్న కథ వినుటకు ఇంపుగా నుండును. కాని తన లెక్కలోని లోపమును తానే పట్టుకొని దిద్దుకొన్నాడన్న సత్యము అంతకంటె విలువైనది.

ఫ్రెడ్డీ 1896లోను, 1898లోను బ్రిటిషు అమెచ్యూరు ఛాంపియన్ బిరుదమును గెలిచెను. 1899లో అంతిమపోటీ సమమై, అదనపు గుంట వద్ద ఓడిపోయెను. ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధము ఆరంభమైనది. బ్లాక్ వాచ్ పటాలముతో ఆయన అచ్చటికి పోయి, మాగర్స్‌ఫాంటీన్ వద్ద గాయపడి, కోలుకొని తిరిగి రణరంగమున ప్రవేశించి, 1900 ఫిబ్రవరి 7వ తేదీన కూడూస్‌బర్గ్ వద్ద నేలకొఱిగెను. అప్పటికి ముప్పది యేండ్ల వయస్సు. ఆ వార్త తండ్రిని క్రుంగదీసినది. ఎందరితోనో వాదించి గెలిచిన ఆ ధీశాలికి ఈ దెబ్బ నుండి లేచుట సాధ్యము కాలేదు. 1901లో పీఠమును విడిచి, ఆ సంవత్సరము జూలై 4వ తేదీన టెయిట్ కన్నుమూసెను.

ఆయన పోయిన పిదప గోల్ఫ్ బంతి రూపమే మాఱినది. అమెరికాలో కోబర్న్ హాస్కెల్ రబ్బరు దారమును బిగువుగా చుట్టి చేసిన బంతికి 1899లో పేటెంటు పొందెను. 1902లో బ్రిటిషు ఓపెన్ పోటీలో శాండీ హెర్డ్ ఆ బంతితోనే గెలిచెను. 1905లో లెస్టరు పట్టణపు విలియం టేలర్ బంతి ఒంటినిండ చిన్న చిన్న గుంటలు పెట్టు పద్ధతికి పేటెంటు తీసికొనెను. సుత్తిగాట్ల రహస్యము అటుపిమ్మట తేటపడినది. గుంటలున్న బంతిని అంటియుండు పలుచని గాలిపొర కలతచెంది, నున్నని బంతిమీది పొరకంటె ఎక్కువసేపు అంటిపెట్టుకొనును; బంతి వెనుకనుండు సుడిగాలి తోక సన్నబడును; నిరోధము దాదాపు సగమునకు తగ్గును. 1910లో జె. జె. థామ్సన్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో గోల్ఫ్ బంతి గతిని గూర్చి ఉపన్యసించి, టెయిట్ వేసిన బాటనే ముందుకు సాగించెను.

నేడు బంతి వెనుక రాడార్ పెట్టె నొకదాని నుంచిన చాలును. తిరిగివచ్చు తరంగముల మార్పును బట్టి బంతి వేగము, కోణము, చుట్ల సంఖ్య రెప్పపాటులో తెరపై కనబడును. మెఱుపువేగపు కెమెరాలును అదే పని చేయుచున్నవి. ఆ యంత్రము చూపు చుట్ల సంఖ్య ఒకనాడు బంకమట్టి గోడ యెదుట కొడుకు బంతిని కొట్టుచుండగా, తండ్రి వంగి పట్టీలోని మెలికలను వ్రేళ్లతో లెక్కపెట్టి రాబట్టినదే.